షిఫ్టు మీట

చోడవరంలో దుకాణాలన్నీ మూసేశాక కూడా సన్నిబాబు ఒక్కడే డీటీపీ సెంటర్లో కూర్చుని, తెల్లారేసరికి ఇవ్వాల్సిన పెళ్ళికార్డు టైపు చేస్తున్నాడు. అతనికి ఎడమచెయ్యి లేదు. పదేళ్ళ కిందట చెరకు గానుగలో పడి నలిగిపోయింది.

తెలుగు ఒత్తు పడాలంటే ఎడమవైపు షిఫ్టు మీట నొక్కిపట్టుకుని, రెండోచేత్తో అక్షరం కొట్టాలి. ఒంటిచేతివాళ్ళ కోసం కంప్యూటర్లో ఒక సాఫ్టువేరు ఉంది. షిఫ్టు ఒక్కసారి నొక్కి వదిలేస్తే చాలు, బీప్‌మని చప్పుడు చేసి, తర్వాతి అక్షరం కొట్టేదాకా తనే పట్టుకుని ఉంటుంది.

ఈ రాత్రి ఆ చప్పుడు రావడం లేదు. స్పీకరు పాడైందనుకున్నాడు.

ఫోను మోగింది. ఓనరు సత్యవతి.

"సన్నిబాబూ, సెప్పడం మర్చిపోయేను. పొద్దున్న అనకాపల్లి మెకానిక్కొచ్చి కంప్యూటరంతా తుడిసేసి మళ్ళీ ఎక్కించేడు. నీ సాఫ్టువేరు ఇంకా పెట్టలేదు. ఇంటికెళ్ళిపో."

"ఒత్తులు పడతన్నాయి మేడమ్."

"ఎలా పడతాయి? రెండు సేతులుండాలి కదా!"

ఫోను పెట్టేసి తెర వంక చూశాడు. ఒక్క ఒత్తూ తప్పిపోలేదు. ఉన్న ఒక్క చేతినీ మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఎడమవైపు షిఫ్టు మీట నెమ్మదిగా కిందికి దిగింది. దానిమీద జిగురుగా ఏదో తడి మెరిసింది. గది నిండా పచ్చి చెరకురసం వాసన.

మీట పైకి లేవలేదు. అతను అక్షరం కొట్టడం కోసం అలాగే ఆగి ఉంది.