తిరిగొచ్చిన పని

ముసలి లక్ష్మణప్ప స్విచ్చు నొక్కాడు. లైట్లు వెలగలేదు.

ఇంకోసారి నొక్కాడు. పాత ఎర్ర స్పోర్ట్స్ కారు బంపరు మీద బిగించిన రెండు పెద్ద లైట్లూ గుడ్డికళ్ళలా చూస్తూ ఉండిపోయాయి.

"మళ్ళీనా?" అన్నాడు ముసలాయన.

గోపీచంద్ తల దించుకున్నాడు. "మళ్ళీనే, పెద్దాయనా."

కుందారపల్లిలో హైవేను ఆనుకొని ఉన్న ఆ రేకుల షెడ్డు లక్ష్మణప్పది. బతుకంతా లారీలకు వైరింగు చేసిన మనిషి. ఒకసారి ఆయన చెయ్యి పడితే ఆ బండి మళ్ళీ ఆ పని మీద రాదని దారి పొడవునా పేరు.

గోపీచంద్‌ది ఒంగోలు వైపు. హోసూరు ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఒక్కడికే అద్దెగది. ఎవరో వాడి వదిలేసిన రెండు తలుపుల కారును బెంగళూరులో చూసి మోజుపడి కొన్నాడు. సెలవురోజు అంచెట్టి అడవిదారిలో తిరగాలని సరదా. దాని సొంత దీపాలు మిణుగురుల్లా ఉన్నాయని ఈ లైట్లు అదనంగా పెట్టించుకున్నాడు. పెట్టించుకున్ననాటి నుంచీ ఆదివారం వచ్చిందంటే కారు ఈ షెడ్డు ముందే.

లక్ష్మణప్ప గోనెపట్టా పరుచుకొని బంపరు కిందికి దూరాడు. కాసేపటికి బయటికొచ్చాడు.

"ఎర్తు నట్టేనప్పా."

లైట్ల నుంచి వచ్చే ఎర్తు వైరును కారు ఇనుముకు అదిమిపెట్టే నట్టు అది. అది వదులైతే రెండు లైట్లూ చచ్చినట్టే.

"పోయినవారం స్ప్రింగు వాషరు ఏసి బిగించినాను. ఎట్ల వదిలింది?"

"రోడ్లు అలా ఉన్నాయి కదండీ," అన్నాడు గోపీచంద్. తన గొంతు తనకే నచ్చలేదు.

"రోడ్డును అనొద్దప్పా. నేను వైరింగు కట్టిన లారీలు ఆ రోడ్డులోనే తిరగలేదా?" ముసలాయన తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు. "దీంట్లోనే పట్టు పోయింది."

షెడ్డు వెనక ఇంట్లోంచి లక్ష్మణప్ప భార్య తిమ్మక్క కేక వినిపించింది. "ఒంగోలాయప్ప వచ్చినాడా? సంగటి గెలుకుతా ఉండాను. పోనియ్యొద్దు!"

ఆ షెడ్డుకు ఒక కట్టుబాటు ఉంది. లక్ష్మణప్పకు పని నేర్పినాయన పెట్టింది. చేసిన పని తిరిగొచ్చిందంటే తప్పు ఆ పని చేసిన చేతిది. కూలి ముట్టకూడదు. పైగా ఆ మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి, కడుపునిండా పెట్టి పంపాలి. ఏ ఏడాదికో ఒకసారి పడే శిక్ష అది. గోపీచంద్ పుణ్యమా అని ఇప్పుడు వారంవారం పడుతోంది.

తిమ్మక్క పళ్ళెంలో వేడి సంగటిముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి అనపగింజల పితికిపప్పు పులుసు పోసింది.

"రూములో ఏమి తింటావో ఏమో. చొక్కాను కొక్కేనికి తగిలించినట్టుండావు. ఇంకొక ముద్ద ఏసేదా?"

"చాలమ్మా."

"నోరు చాలంటుంది, తట్ట ఖాళీ అంటుంది. యాడ పెట్టుకుంటావప్పా ఇదంతా?" అని నవ్వుతూనే ఇంకో ముద్ద వేసింది.

గోపీచంద్ చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తకుండా తిన్నాడు. ప్రతివారం పక్కనే కూర్చునే ముసలాయన ఈరోజు లోపలికి రాలేదు.

"ఆయన తినరా అమ్మా?"

తిమ్మక్క నవ్వు ఆగింది. వాకిలి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఆయప్పకు కూడు దిగడం లేదు. మొన్న శూళగిరి లారీ ఒకటి వస్తే ఎనక్కి పంపేసినాడు. నా చెయ్యి సరిగా లేదు, వేరే యాడన్నా చూసుకో అనేసినాడు. ఆయప్ప నోట అట్లాంటి మాట నేను ఎప్పుడూ వినలేదప్పా. మంచం మీద పండుకొని కూడా చేతి ఏళ్ళు ముడిచి, చాచి చూసుకుంటా ఉంటాడు."

గోపీచంద్ మిగిలిన ముద్దను వదిలేసి లేచాడు. చెయ్యి కడుక్కొని బయటికి వచ్చాడు.

లక్ష్మణప్ప నట్టు కింది పెయింటును ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకాడు. వైరు కొసకు కొత్త రింగు వేశాడు. నట్టు మీద ఇంకో నట్టు ఎక్కించి, మెడనరాలు తేలేదాకా బిగించాడు. లేచి స్విచ్చు నొక్కాడు.

పట్టపగలే ఎదుటిగోడ భగ్గున తెల్లబడింది.

ముసలాయన ముఖంలో మాత్రం వెలుగు లేదు.

"ఇదే ఆఖరప్పా. రేపు జూజువాడి నుంచి ఒకాయప్ప వస్తాడు, పనిముట్లు కొనుక్కొని పోయేకి."

"ఎందుకండీ? మీ చేతికేమీ కాలేదు. ఆ నట్టు..."

"ఊరుకో. ఇంకొకడైతే నడిరోడ్డులో నిలబెట్టి తిట్టిపోసుంటాడు. నువ్వు ఒక్కమాట అనవు. తల దించుకొని తినేసి పోతావు. నువ్వు తిట్టకపోయేదానికే నాకు ఇంకా సిగ్గుగా ఉంది."

గోపీచంద్ కారు తాళాలను వేళ్ళ మధ్య తిప్పుకున్నాడు.

లక్ష్మణప్ప చేతిలోని స్పానరును గుడ్డతో తుడిచాడు. ఒక్క క్షణం దాన్ని చూసి, గోపీచంద్ అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"ఇదొకటి నువ్వు పెట్టుకో. మళ్ళీ వదులైతే ఈడిదాకా రావద్దు. నువ్వే బిగించుకో."

గోపీచంద్ సీటు కింద అదే సైజు స్పానరు ఇంకొకటి ఉంది. మొదటిసారి గతుకులకు వదులైన ఆ నట్టును, ఆ తరువాత ప్రతి ఆదివారమూ కుందారపల్లి రాకముందే కారు రోడ్డు ఓరగా ఆపి, దాంతోనే అతను విప్పుకొని వస్తున్నాడు.