ఈకలు పీకిన కోడి

"సాయంత్రానికి ఇది ఇంట్లో ఉండకూడదే! బొచ్చులేని పిల్లేటి, ఈకలు పీకిన కోడిలాగ? సోడవరమంతా నవ్వుతాది," అంది అత్త అప్పలనరసమ్మ.

వణుకుతున్న పిల్లిని సంయుక్త చున్నీలో పొదువుకుంది. "ఆ జాతే అంత, అత్తయ్యా. నేను పంపను."

పక్కింటి దుర్గాదేవి గుమ్మంలోంచి తొంగిచూసి పకపకా నవ్వింది. "ఏటిది, సింహాచలంలో గుండు సేయించేరేటి? అచ్చం ఈకలు పీకిన కోడే!"

"ఏటే, మా పిల్లిగుంటనలాగంటావేటి? ముందు నీ మొకం సూసుకో!" అత్త కస్సుమంది.

దుర్గాదేవి అటు వెళ్ళగానే అత్త గుప్పెట్లో ఉప్పూ మిరపకాయలూ తెచ్చి పిల్లికి దిష్టి తీసింది.

"నువ్వూ కూకోయే, నీకూ తీసేస్తాను. ఎండు పుల్లలాగున్నావు."

పెళ్ళయిన నాటి నుంచీ సంయుక్తను నొప్పిస్తున్న మాట అది. అదే మాట దుర్గాదేవి అని ఉంటే అత్త ఏం చేసేదో ఊహించుకుని, ఈసారి ఫక్కున నవ్వేసింది.