పులిహోర డబ్బా

"అన్నా, లోపల ఎవరన్న ఉన్నరా?"

ఫైరింజన్ పూర్తిగా ఆగకముందే కిందికి దూకి విజయేందర్ అడిగిన మొదటి మాట అది. మంట దగ్గర ఏ ఆఫీసరైనా అడిగే మొదటి మాటా అదే. ఉన్నారంటే మనుషుల్ని లోపలికి పంపాలి. లేరంటే బయటి నుంచే నీళ్లు కొట్టొచ్చు.

వామన్‌రావు ఎదురు గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఫైర్ సర్వీసులో జీవితమంతా గడిపి రిటైరైన మనిషి. కనుబొమలు కాలిపోయాయి. అరచేతులు బొబ్బలెక్కాయి.

"ఎవ్వరు లేరు," అన్నాడు.

"మంచిగ చూసిన్రా?"

"మూడో అంతస్తు దాక పోయొచ్చిన. ఎవ్వర్ని ఎక్కనియ్యకు. మెట్లు ఆగయి, కూలుతయి."

విజయేందర్ మళ్లీ అడగలేదు. అతను కొత్తగా చేరినప్పుడు పైపు పట్టుకోవడం నేర్పింది వామన్‌రావే. ఆయన మాట అతనికి ఇప్పటికీ ఆర్డరే.

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో, ఇరుకు సందులో ఉంది ఆ ప్లాస్టిక్ ఫ్యాక్టరీ. కింద మిషన్లు. పై మూడంతస్తుల నిండా కుర్చీలు, బకెట్లు, డ్రమ్ములు. నిప్పుకు పండగే.

"ఇయ్యాల ఆదివారం గద సార్, ఫ్యాక్టరీ బందే," అన్నాడు పక్కనున్న పాన్ డబ్బా బాలకిషన్. "నేను అప్పుడే దుకాణం తీస్తున్న. పొగ సూడంగనే ఈ పెద్దసారు టిఫిన్ డబ్బా నా చేతుల వెట్టి, తువ్వాల నీళ్లల్ల ముంచి మూతికి కట్టుకొని లోపలికి ఉరికిండు. వద్దంటె ఇనలే."

"రిటైరైనా మీకు బుద్ధి రాలే," అని విసుక్కున్నాడు విజయేందర్. "తువ్వాల ఏదన్నా? పొగ ఎంత మింగిన్రు?"

"పైననే ఉండిపోయింది."

"దవాఖానకు పోదాం పాండ్రి."

"జర ఆగు. నా ఫికర్ ఇడిసిపెట్టి మంట సంగతి చూడు."

సందు మొదట్లో జనం పోగయ్యారు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఒకడైతే మంటకు వీపు పెట్టి, జుట్టు సర్దుకుని సెల్ఫీ దిగుతున్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగే రకాలు ఎక్కడైనా ఉంటారు. వామన్‌రావు వాళ్ల వైపు చూశాడు. తిట్టే ఓపిక కూడా లేనట్టు తల తిప్పుకున్నాడు.

ప్లాస్టిక్ మంట అంత తేలిగ్గా చావదు. ఒకచోట ఆర్పితే ఇంకోచోట లేస్తుంది. మొజంజాహీ మార్కెట్ వైపు నుంచి ట్యాంకర్లు వస్తూనే ఉన్నాయి. మధ్యాహ్నం దాటేసరికి పైపులు పట్టుకున్నవాళ్ల భుజాలు పడిపోయాయి.

"సార్, మెట్ల మీదికెళ్లి కొడితే జల్ది అయిపోతది," అంటూ సాయిచైతన్య అనే ఫైర్‌మన్ పైపు భుజానేసుకుని గుమ్మం వైపు నడిచాడు.

పొద్దుటి నుంచీ గట్టిగా ఒక్క మాట మాట్లాడని వామన్‌రావు లేచి నిలబడి అరిచాడు. "ఆగు! ఒక్క అడుగు ముందుకేసినవంటె కాళ్లిరగ్గొడ్త!"

సాయిచైతన్య బిత్తరపోయి ఆగాడు. అతను ఇంకా గొణుగుతుండగానే మెట్లు కూలాయి. దుమ్ము గుమ్మం దాకా వచ్చి అతని బూట్ల మీద పడింది. వామన్‌రావు మళ్లీ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

విజయేందర్‌కు తమతో పనిచేసిన ఫైర్‌మన్ సదాశివ గుర్తొచ్చాడు. అప్పట్లో ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి గోదాము అంటుకుంది. లోపల వాచ్‌మన్ ఉన్నాడని ఎవరో అరిస్తే సదాశివ లోపలికి పోయాడు. వాచ్‌మన్ అప్పటికే ప్రాణం విడిచాడు. సదాశివ తిరిగి రాలేదు. ఇద్దర్నీ ఒకే బండిలో తీసుకుపోయారు. ఆ రోజు నుంచి వామన్‌రావుది ఒకటే పాట: "సచ్చినోళ్ల కోసం బతికున్నోళ్లను పంపొద్దు."

సాయంత్రానికి మంట లొంగింది. అందరూ ఫుట్‌పాత్ మీదే చతికిలబడ్డారు. హెల్మెట్ విప్పే ఓపిక కూడా ఎవరికీ లేదు. బాలకిషన్ టిఫిన్ డబ్బా తెచ్చి వామన్‌రావు పక్కన పెట్టాడు.

విజయేందర్ మొహం విప్పారింది. పెద్ద మంట ఆర్పి వచ్చిన రోజు స్టేషన్‌కు వామన్‌రావు భార్య అహల్య వదినె చేతి పులిహోర రావడం అప్పట్లో ఆనవాయితీ. దానికోసమే మంటలు రావాలని మొక్కుకునే తిండిపోతులు కూడా ఉండేవాళ్లు.

"వదినె డబ్బానే గద ఇది! మీరు పొద్దుగాల్నుంచి ముట్టనే లేదా?"

"ఆకలైతలేదు. మీరు తినుండ్రి. ఎవరో ఒకరు తినాలె గద."

డబ్బా చేతులు మారింది. తలా ఒక ముద్ద తీసుకున్నారు. విజయేందర్ నమిలి, ఆగి, నవ్వాడు.

"ఏందన్నా, ఇది వదినె చేతి వంట లెక్క లేదు. ఉప్పు కషాయమైంది."

"నేనే వండిన. ఆదివారం వంట నాదే," అన్నాడు వామన్‌రావు. "ఇంట్ల ఊకె కూసుంటె కాళ్లు పట్టుకుంటయని ఆమె పనికి పోతుండె. అందరికి సెలవున్న రోజే గద ఊడ్సుడు, తుడుసుడు. డబ్బా నేను తెచ్చిస్తుంటి."

"ఆదివారం గూడ పనేనా? ఏడ చేస్తున్నది వదినె?"

వామన్‌రావు కాలిన చెయ్యెత్తి, ఇంకా పొగ కక్కుతున్న మూడో అంతస్తు కిటికీని చూపించాడు.