మార్చి అయ్యేదాకా

గట్టయ్య బల్ల మీద నుంచి లేవలేదు.

"పేజీ చదువుండ్రి సారు. వింటెనే పోత" అన్నాడు.

భూమి కింద, బొగ్గు తీసే ఫేస్‌కి మలుపు తిరిగే ముందు, ఒక బల్ల, ఒక ఫోను, గొలుసుతో కట్టేసిన ఒక డైరీ ఉంటాయి. డ్యూటీ దిగే ఓవర్‌మన్ తన మనుషులను ముందు పంపేసి, తానొక్కడే చివరిసారి ఫేస్ అంతా తిరిగి చూసి, వచ్చి ఆ డైరీలో రాసి పోతాడు. పైకప్పు ఎలా ఉంది, గాలి ఎలా ఉంది, నీళ్లెక్కడ నిలిచాయి, అన్నీ. డ్యూటీ ఎక్కే ఓవర్‌మన్ ఆ పేజీని తన మనుషులకు చదివి వినిపించి లోపలికి పంపుతాడు. పైకి పోయే దారి వేరు, కిందికి వచ్చే దారి వేరు కాబట్టి ఆ ఇద్దరూ ఎదురుపడేది తక్కువ. గట్టయ్యకు చదువు రాదు. ముప్పై నాలుగేళ్లుగా ఆ పేజీ చెవిన పడ్డాకే ఆయన కాలు కదిలేది.

ఓవర్‌మన్ రఘుపతి డైరీ తెరిచి ఆయన ముందు పెట్టాడు. పేజీలో అచ్చువేసిన తేదీ తప్ప ఏమీ లేదు.

అందులో వింతేమీ లేదు. పదహారు రోజులుగా అన్నీ అలాంటి పేజీలే, గట్టయ్య రోజూ సణుగుతూనే లోపలికి పోతున్నాడు. మార్చి నెల, టార్గెట్ తరుముతోంది, ఆదివారాలు కూడా డ్యూటీలే. ఈ రాయడం, చదవడం కలిసి షిఫ్టుకు అరగంట తినేస్తున్నాయని కనిపెట్టింది రఘుపతే. ఏదైనా తేడా ఉంటేనే రాద్దాం, లేకపోతే ఖాళీగా వదిలేద్దాం, ఏప్రిల్ నుంచి మళ్లీ మామూలే అని మొదటి షిఫ్టు ఓవర్‌మన్ తీతును ఒప్పించిందీ అతనే. తీతు ప్రతిదీ పూసగుచ్చినట్టు రాసే మనిషి. ఎడమ పక్క పైకప్పు తడితే డొల్లగా మోగుతోంది, ఆసరాగా ఇంకో దిమ్మె పెట్టించమని కూడా రాసేవాడు. మూడు రోజులు గొణిగి, నాలుగో రోజు సరేనన్నాడు. పైన ఆఫీసులో అందరూ రఘుపతి తెలివిని మెచ్చుకున్నారు. మెచ్చుకోలు మనిషిని ఎంత సులువుగా చెడగొడుతుందో వేరే చెప్పాలా?

"ఖాళీ ఉన్నదంటె అంత మంచిగున్నట్టే కాక. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"ఖాళీ ఉన్నదంటె రాయలేదన్నట్టు. మంచిగున్నదని రాసుడు ఎంతసేపు సారు?"

మిగతా ఐదుగురూ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నారు. వాళ్లలో అప్పటికే లేచి నిలబడ్డ ముత్యం మళ్లీ కూర్చున్నాడు. రఘుపతికి ఒళ్లు మండింది. అయినా ముసలాయన అన్న మాట లోపలెక్కడో గుచ్చుకుంది. గాలి కూడా ఇవాళ కాస్త బరువుగా అనిపిస్తోంది. పైన ఎండలు ముదిరాయి, కింద ఉక్కపోత మామూలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఈ పాటికి తీతు పైకి చేరే ఉంటాడు, ఒక్కమాట అడిగేస్తే గొడవ వదులుతుంది అనుకుని ఫోను తీశాడు.

పైన మేనేజరు ఎత్తాడు. రఘుపతి నోరు తెరిచేలోపే, బొగ్గు కోసే మిషన్ ఇంకా ఎందుకు మొదలు కాలేదని అందుకున్నాడు. నిన్నటికంటే ఇరవై నిమిషాలు వెనకబడ్డారని, మనుషుల చేత పని చేయించడం చేతకాకపోతే ఆ ముక్క ముందే చెప్పమని గుక్క తిప్పుకోకుండా వాయించాడు. పోతున్నరు సార్, పోతున్నరు సార్ అనడం తప్ప రఘుపతి ఇంకేమీ అనలేకపోయాడు. తీతు సంగతి అడగనే లేదు. అవతల ఫోను పెట్టేశారు.

ఆరుగురూ అతని మొహంలోకే చూస్తున్నారు. మళ్లీ ఫోను చేస్తే మళ్లీ తిట్లే. అందరి ముందూ అలా మాటలు పడ్డందుకు సిగ్గేసింది. ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి అబద్ధం ఆడాడు.

"అడిగిన. తీతన్న మీదికి పోయి చెప్పిండట. అంత మంచిగనే ఉన్నదట."

గట్టయ్య ఒక్క క్షణం అతని కళ్లలోకి చూశాడు. తీతు మాట మీద ఆయనకు ఎప్పుడూ గురి. ఆ పేరు విన్నాక ఇంక కాదనలేకపోయాడు.

"గా ముక్క ముందే అడిగి చెప్తె అయిపోతుండె గద సారు" అంటూ లేచి, టోపీ సర్దుకుని ముందు నడిచాడు. మిగతావాళ్లు ఆయన వెంట నడిచారు. నీళ్లు తోడే పంపు పని చూసుకుని వెనకే వస్తానన్నాడు రఘుపతి.

ఆరు టోపీ దీపాలు మలుపు తిరిగి మాయమయ్యాయి. కాసేపు బూట్ల చప్పుడు వినిపించింది, తర్వాత అదీ లేదు. ఇక్కడి నుంచి నడిచి వెళ్లి మిషన్ మొదలుపెట్టడానికి పది నిమిషాలు చాలు. రఘుపతి పంపు చూసి వచ్చి, బల్ల మీద కూర్చుని చెవులు రిక్కించాడు. పావుగంట అయింది. ఇరవై ఐదు నిమిషాలయింది. మిషన్ చప్పుడు లేదు, మాటల చప్పుడూ లేదు. ముసలాయన లోపల మళ్లీ ఏదో పేచీ పెట్టి ఉంటాడని తిట్టుకుంటూ లేచాడు.

ఫోను మోగింది. మేనేజరేమోనని భయపడుతూ ఎత్తాడు. పైన, దీపాలు ఇచ్చి పుచ్చుకునే ల్యాంపు రూం నుంచి సంధ్యారాణి.

"రఘుపతి సార్, ఫస్టు షిఫ్టోళ్లందరు ల్యాంపులు ఇచ్చిపోయిన్రు. తీతు సార్ ఒక్కరే ఇంక మీదికి రాలేదు. ఆడ మీ దగ్గరనే ఉన్నరా?"