గాజుపెట్టెలోకి పాత చేప

కడలిలోని పగడాలన్నీ నశించిన పిమ్మట ప్రతి గృహమూ ఒక పగడపు తొట్టెను పోషించవలసి వచ్చింది. బయటి ఎండ ప్రాణాంతకం. అయినా, తన వంతు చేపను బ్రతికించుకోలేనివారికి ఇంట చోటు లేదన్నది శాసనం.

తన మేడ కూలిపోగా పేరిందేవి, పగడాల నడుమ బ్రతికే తన రాస్ చేపతో తోడికోడలు సుభద్రమ్మ ఇంట చేరింది. ఆ కొత్త చేపను తొట్టెలోనే ఒక గాజుపెట్టెలో ఉంచారు. తొట్టెలో మునుపే ఉన్న సుభద్రమ్మ పాత రాస్ పగలంతా ఆ గాజును పొడుస్తూనే ఉంది.

"నా చేప చస్తే నన్ను ఎండలోకి తోస్తారు. మీకు కావలసిందీ అదేగా, అక్కయ్యా?"

"నీ నోరు భరించలేకనే, నా చేప అలా తల బాదుకుంటోంది!"

ఆ రాత్రి సుభద్రమ్మకు అన్నం సహించలేదు. ఉదయం పూజ ముగించి, కొత్త చేపను తొట్టెలోకి వదిలి, అది కుదురుకునేదాకా పాతదానిని పెట్టెలో బంధించింది. సాయంత్రానికి కొత్తది రాళ్ళ సందున నెలవు చేసుకుంది.

"దాని సంగతి సరే, మరి నాది?" అంది పేరిందేవి.

"వంటిల్లు నీది. నువ్వు పిలిచేదాకా నేను పూజగది దాటను."

తలుపు మూసుకుని ఆమె జపం ఆరంభించింది. వంటింట్లో తన గిన్నెలు స్థానాలు మారుతున్న చప్పుడు వినవచ్చింది. జపం తప్పింది. తలుపు గడియ మీదికి పోయిన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, మళ్ళీ మొదటినుంచి చెప్పుకోసాగింది.