ఆఖరి వరస ఇటుకలు

సమాధి తవ్వే రోజు దగ్గరపడేకొద్దీ సుందర్ రాజ్ తిండి మానేశాడు.

గాజువాక దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్నారు. క్రైస్తవుల సమాధుల తోటలో ముందున్న రెండు వరసలూ పోతాయన్నారు. అతని భార్య ప్రేమలీల సమాధి మొదటి వరసలోదే. వెనక్కి మార్చుకోమని చర్చి కమిటీ కబురు పెట్టింది.

"ఎవలూ ముట్టుకోకండి. నాను సూసుకుంటాను," అన్నాడు. 

కూతురు కేథరిన్‌కి జాలేసింది. ఆరేళ్ళుగా అమ్మే నాన్నను పట్టి పీడిస్తోందని ఆమె నమ్మకం. పోర్టులో డ్యూటీ దిగగానే నాన్న సైకిలు సమాధుల తోటకే తిరిగేది. బొగ్గు ధూళి పడ్డ పాలరాతిని తుండుగుడ్డతో తుడిచేవాడు. పగుళ్ళేమైనా వచ్చాయేమోనని వేళ్ళతో తడిమేవాడు. వానొస్తే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. "లోపలికి నీళ్ళు దిగితే ఏటి గతి?" అనేవాడు. నిద్రలో "తవ్వెత్తన్నారు" అంటూ ఉలిక్కిపడేవాడు.

ఈస్టరు తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడుకుని ఇళ్ళకు పోయేవారు. అతను మాత్రం రాతికి చెవి ఆనించి కూర్చునేవాడు.

"ఏటి నాన్నా, అమ్మేటైనా అంటందా?" అని అడిగిందొకసారి కేథరిన్.

"ఎక్కడికి పోద్ది? ఇక్కడే ఉంది," అన్నాడు. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

చర్చిలో మాత్రం అతనంటే అందరికీ గౌరవం. ఏ పెళ్ళి జరిపించినా పాస్టరుగారు ఆ ప్రేమను గుర్తు చేసేవారు. సమాధి కట్టిన రోజు మేస్త్రీని పక్కకు పంపేసి, ఆఖరి వరస ఇటుకలు సుందర్ రాజ్ తన చేతులతోనే పేర్చుకున్న సంగతి చెప్పి కళ్ళు ఒత్తుకునేవారు. ఆడవాళ్ళు తమ మొగుళ్ళ వంక అదోలా చూసేవారు.

ఆ ప్రేమ కింద ఇంకో బాధ ఉందని కేథరిన్‌కి తెలుసు. అమ్మ ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక అనాథ పిల్లల హాస్టలుకి వెళ్ళి వండిపెట్టేది. అక్కడి రేకుల కప్పు చినుకు పడితే కారేది. పోయే ముందు అమ్మ నాన్న చెయ్యి పట్టుకుంది.

"నా నగలు ఆ పిల్లల కప్పుకి ఇచ్చియ్యండి. నానేటీ పట్టుకెళ్ళను కదా."

అన్నీ ఆస్పత్రి ఖర్చులకే అమ్మేశానని నాన్న తలొంచుకున్నాడు. "పోన్లెండి," అని అమ్మ కళ్ళు మూసుకుంది.

తీరని ఆ కోరికే నాన్నను తినేస్తోంది. ఒక్కసారి అమ్మను చేతుల్లోకి తీసుకుని క్షమించమని అడిగితే, మళ్ళీ మామూలు మనిషై ఇంటికొస్తాడు. కేథరిన్‌కి కావలసింది అంతే.

ఆ ఉదయం పాస్టరుగారు ప్రార్థన చేసి, ఇంకో ఇంట్లో ప్రార్థన కూడిక ఉందని వెళ్ళిపోయారు. తోట కాపలా తాతబాబు గునపం వేశాడు. పాలరాయి లేచింది.

"ఆగు తాతబాబూ. నాను దిగుతాను," అన్నాడు సుందర్ రాజ్.

"నువ్వొద్దు నాన్నా. తట్టుకోలేవు," అంది కేథరిన్.

అతను వినలేదు. ఇటుకల్ని గోళ్ళతో పీకడం మొదలుపెట్టాడు. వేళ్ళు చిట్లి నెత్తురొచ్చినా ఆగలేదు.

కేథరిన్ తెల్లగుడ్డను రెండు చేతుల మీదా పరుచుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. అమ్మను ఎముకలుగా చూసే ధైర్యం ఆమెకు లేదు. ఇటుకలు పక్కన పడుతున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత నాన్న ఏడుపు. అమ్మ పోయిన రోజున కూడా అతను అలా ఏడవలేదు.

"ఉంది. ఏటీ అవనేదు. అలాగే ఉంది," అంటున్నాడు వెక్కుతూ.

కేథరిన్ ప్రాణం కుదుటపడింది. ఇక అమ్మ నాన్నను వదిలేస్తుంది. చేతులు ముందుకు చాచింది.

"ఇలాగియ్యి నాన్నా. అమ్మను నానెత్తుకుంటాను."

గుడ్డలో ఏమీ పడలేదు. బరువైన అడుగులు దూరమవుతున్నాయి.

"అమ్మగోరి దాకా ఇంకా తవ్వనేదమ్మా," అన్నాడు తాతబాబు నెమ్మదిగా.

కేథరిన్ కళ్ళు తెరిచేసరికి, ఆస్పత్రికి అమ్మేశానన్న అమ్మ నగల డబ్బాను గుండెలకు హత్తుకుని, నాన్న వెనక్కి తిరిగి చూడకుండా గేటు దాటేస్తున్నాడు.