పందిగారి నెమలీక

కొండల అవతలి సింహం దొరవారు మడుగు కాపలాకు అడవిపందిని అధికారిగా వేశారు. పందిగారు కాపలాతో ఊరుకోలేదు. ఎవరూ అడగకపోయినా రోజూ మడుగులో పొర్లి పూడిక తీసేవారు. తాగే నీళ్లన్నీ బురదయ్యేవి. ఈ అదనపు సేవకు నెమలీక బిరుదు ఇప్పించమని దొరవారికి అర్జీ రాసుకుని, ప్రజల సంతకాలకు బయల్దేరారు.

"వేసేయండర్రా, బిరుదొస్తే ఇక్కణ్ణుంచి బదిలీ కూడా వస్తుంది," అని కప్ప గుసగుసలాడింది.

బాతులూ తాబేళ్లూ ఎగబడి కాలిముద్రలు వేశాయి. పందిగారి కళ్లు చెమర్చాయి.

నెల తిరక్కుండా నెమలీకా, తాఖీదూ వచ్చాయి. "ఇంత అభిమానించే ప్రజల నుంచి మిమ్మల్ని విడదీయడానికి మాకు మనసొప్పలేదు. జీవితాంతం అక్కడే సేవ చేయండి."

పందిగారు చెవిలో ఈక దోపుకుని, ఆనందం పట్టలేక మడుగులోకి దూకారు.

"ముద్రలు వేసేయమన్నది ఎవరర్రా?" అంది ముసలి బాతు, రెక్కల మీది బురద దులుపుకుంటూ.

కప్ప అప్పటికే నీళ్లడుక్కి పోయింది.